జేబులోకి వెళ్ళిన చీటీ

ఇది ముందే ఎందుకు రాయలేదని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర సులువైన జవాబు ఒకటి ఉంది. నాకు అక్షరాలు రావని. యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా నా పేరు రాయడం కూడా తెలియదు. కానీ అక్షరాలు వచ్చి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో పండుగలకు శుభాకాంక్షల కార్డులు రాశాను, కిరాణా చీటీలు రాశాను, మనవరాలి బడికి సెలవు కాగితం రాశాను. ఇది మాత్రం రాయలేదు. కాబట్టి అక్షరాలు చిన్న కారణం. పెద్ద కారణం ఏమిటంటే, ఇందులో తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా పేరు యాదమ్మ. మాది నార్సింగి. సైన్యంలోకి వెళ్ళే పిల్లలను తయారుచేసే ఒక అకాడమీలో ఆయాగా పనిచేశాను. దాని పేరు ఇక్కడ రాయను. మోకాళ్ళు అరిగి అక్కడి మెట్లు ఎక్కలేకపోయాక, ఆ అకాడమీ పూర్వ విద్యార్థుల సంఘం నన్ను మాదాపూర్‌లోని తమ ఆఫీసుకు పిలుచుకుంది. పద్నాలుగేళ్ళు అక్కడున్నాను. అకాడమీలో చదివి స్థిరపడినవాళ్ళ దగ్గర విరాళాలు సేకరించి, ఇప్పటి పిల్లల ఆటలకు కావలసినవి చూడడం ఆ సంఘం పని. ట్రాకు, బూట్లు, పోటీలకు ప్రయాణాలు, ఆదివారాలు వచ్చి పరుగు నేర్పే వలంటీర్లు. నేను పని మానేస్తున్నానని తెలిసి, ఆఫీసులో నాకు అక్షరాలు నేర్పిన స్వాతి, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు పేజీలు రాసిపెట్టమంది. ఆమె మంచి మాటలు ఆశించి ఉంటుంది. నా దగ్గర ఉన్నవి ఇవి.

అడగడం అంటే

చేరినప్పుడు నా పని టీ పెట్టడం, కుర్చీలు తుడవడం. ఒకరోజు సంఘం అధ్యక్షుడు కిరణ్ గారు ఎవరితోనో పావుగంట ఫోన్లో మాట్లాడి, ఏమీ రాక పెట్టేశారు. కిరణ్ గారూ ఆ అకాడమీలో చదివినవారే. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, జీతం లేకుండా సంఘాన్ని నడుపుతారు. అవతలి మనిషి పేరు విని, ఆ అబ్బాయి హర్డిల్స్ దూకేటప్పుడు ఎప్పుడూ ఎడమకాలే తగిలించుకునేవాడని నేనన్నాను. కిరణ్ గారు నావైపు చూసి, మళ్ళీ నంబరు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టారు.

"ఆ కాలు ఎట్లున్నది బిడ్డా?" అన్నాను.

ఆ నెలలోనే అకాడమీకి కొత్త హర్డిల్స్ వచ్చాయి.

అప్పటినుంచి ఫోన్లు నా పనయ్యాయి. పేర్లు చదవలేను కాబట్టి, ఫోన్లో ఒక్కొక్కరికి ఒక బొమ్మ పెట్టించుకున్నాను. ఈత కొట్టినవాడికి చేప, హర్డిల్స్ వాడికి గుర్రం, ఎప్పుడూ ఆకలేస్తోందనే బాక్సరుకు అరటిపండు. ఆ అరటిపండు ఇప్పుడు బ్రిగేడియరు.

మీకు చెప్పేది ఇదే. డబ్బు మాట ముందు ఎత్తకండి. వాళ్ళ మోకాలు గురించి, వాళ్ళ అమ్మ గురించి అడగండి. వాళ్ళ తర్వాతి బ్యాచ్ వాళ్ళు ఏమిచ్చారో మాటల్లో జారవిడవండి. మిగతాది వాళ్ళే చూసుకుంటారు. యాదమ్మకు పిల్లలంటే ప్రాణమని అందరూ అనేవారు. ప్రాణమే. కానీ ఆ ప్రేమనే పద్నాలుగేళ్ళు నేను ఫోన్లో అమ్మాను కూడా. ఈ పనిలో ఆ రెండూ కలిసే ఉంటాయి. కలవలేదని చెప్పేవాళ్ళను నమ్మకండి.

బూట్ల డబ్బాలు

ఒక ఏడాది ఒక కంపెనీ లారీ నిండా పరుగు బూట్లు పంపింది. ముందు పిల్లల కాళ్ళు కొలిపించమని కిరణ్ గారికి చెప్పాను. ఫొటో కార్యక్రమం శనివారమే, టైం లేదండి అన్నారు. డబ్బాలు విప్పితే అన్నీ పెద్దవాళ్ళ సైజులు. పిల్లలు ముందు భాగంలో న్యూస్‌పేపర్ కుక్కి, వేసుకుని, వరుసగా నిలబడి నవ్వారు. ఫొటో అయ్యాక విప్పేసి, పాత బూట్లలోనే పరుగెత్తారు. మరుసటి ఏడాది సంఘం పుస్తకం అట్టమీద ఆ ఫొటోనే వేశారు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇచ్చేవాళ్ళు పిల్లలకు కావలసింది ఇవ్వరు, ఫొటోలో కనబడేది ఇస్తారు. పెవిలియన్ కావాలంటే పదిమంది ముందుకొస్తారు. దెబ్బలకు కట్టే బ్యాండేజీలు కావాలంటే ఫోన్లో సిగ్నల్ పోతుంది. మీరు పెవిలియన్ అడుగుతూ, అందులో బ్యాండేజీలు కలిపి తెచ్చుకోవడం నేర్చుకోవాలి. నేను నేర్చుకున్నాను. గొప్పగా చెప్పుకునే విద్య కాదు.

ఆదివారం వచ్చేవాళ్ళు

వలంటీర్లంటే ఎక్కువమంది ఐటీ ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు. జూన్‌లో మొదటి ఆదివారం గ్రౌండ్ పక్కన కార్లు ఆగడానికి చోటుండదు. వానలు ముదిరేసరికి రెండు బైకులు మిగులుతాయి. వచ్చి ఒకసారి చేసి చూపించి మళ్ళీ కనబడని వాళ్ళకు పిల్లలు "డెమో సార్లు" అని పేరు పెట్టారు.

మిగిలేది ఎవరో నేను ముందే చెప్పగలిగేదాన్ని. చదువుకునే రోజుల్లో మెడల్స్ గెలిచినవాళ్ళు కాదు. ఎప్పుడూ ఆఖరున వచ్చినవాళ్ళు. గెలిచినవాడు తన పరుగును మళ్ళీ చూసుకోవడానికి వస్తాడు. ఆఖరున వచ్చినవాడు ఆఖరున వస్తున్న పిల్లవాడిని చూస్తాడు. మీరు వలంటీర్లకు నాయకుడిని ఎంచుకోవాలంటే మెడల్స్ అడగకండి. కిరణ్ గారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకున్నారు.

నేను చెప్పిన కథ

ఇక అసలు సంగతి. ప్రతి ఏడాదీ మాదాపూర్‌లోని ఒక హోటల్లో విరాళాల విందు జరుగుతుంది. నేను చేరిన రెండో ఏడు, కిరణ్ గారు నన్ను స్టేజి ఎక్కించి, పాత సంగతి ఏదైనా చెప్పమన్నారు. నోటికి వచ్చింది శ్రీశైలం కథ.

వికారాబాద్ వైపు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్లవాడు. అకాడమీలో పిల్లలను నాలుగు హౌస్‌లుగా విడదీస్తారు. హౌస్‌ల మధ్య క్రాస్‌కంట్రీ పరుగు ఉంటుంది. శ్రీశైలం ఒళ్ళు కాలే జ్వరంతో ఆ పరుగు పరుగెత్తాడు. ఎవరికీ చెప్పలేదు. ముగింపు గీత పదడుగులుందనగా పడిపోయాడు. మోచేతుల మీద పాకుతూ వచ్చి గీత దాటాడు. వాడి హౌస్ గెలిచింది. నేను చెప్పింది ఇంతే. హాలంతా లేచి నిలబడింది. ఆ రాత్రి వచ్చినంత విరాళం అంతకుముందు ఎన్నడూ రాలేదని చెప్పారు.

తర్వాత ప్రతి ఏడాదీ అదే కథ. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి నీళ్ళు తాగాలో నాకు తెలిసిపోయింది. ఇప్పటి ట్రాకు ఆ కథతోనే వచ్చింది.

అసలు జరిగింది

అప్పుడు నేను అకాడమీ ఎంఐ రూమ్‌లో ఆయాను. అక్కడి చిన్న దవాఖానను అలా అంటారు. క్రాస్‌కంట్రీకి ఒక పద్ధతి ఉండేది. హౌస్‌లో ఒక్కడు పరుగుకు రాకపోయినా ఆ హౌస్‌కు పాయింట్లు పోతాయి. రాకుండా ఉండాలంటే ఎంఐ రూమ్ నుంచి చీటీ తేవాలి. అందుకని ఆ వారం ఎవడికీ జ్వరం రాకూడదు. వచ్చినా మా దగ్గరికి రాకూడదు. వచ్చినవాడిని ఏడాదంతా "చీటీగాడు" అని ఏడిపిస్తారు. కాళ్ళు బెణికినవాళ్ళు కూడా పళ్ళు బిగించి పరుగెత్తేవారు.

పరుగు ముందురోజు సాయంత్రం శ్రీశైలం వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని చూసి, అప్పుడు అడుగు పెట్టాడు. నుదురు మీద చెయ్యి వేస్తే కాలింది. కంపౌండర్ చూసి చీటీ రాశాడు.

ఉదయం గ్రౌండ్‌కు నేను గ్లూకోజు నీళ్ళ బకెట్ మోసుకెళ్ళాను. నా ముందే శ్రీశైలం ఆ చీటీని కోచ్ రఘురామ్ సారుకు ఇచ్చాడు. ఆయన చదివారు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టారు.

"ఒక్క గంట, శ్రీశైలం. పరుగెత్తు. తర్వాత వారం రోజులు పడుకో," అన్నారు.

పిల్లవాడు నావైపు చూశాడు. నా రెండు చేతుల్లో బకెట్ ఉంది. నేను తల దించుకుని నీళ్ళు కలిపాను.

పాకడం నిజమే. గెలవడం నిజమే. తర్వాత జరిగింది నేను స్టేజి మీద ఎన్నడూ చెప్పలేదు. నెలన్నర పెద్ద దవాఖానలో ఉన్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. సైన్యానికి పనికిరాడని రాసి, పెట్టె సర్ది ఇంటికి పంపారు.

విచారణ జరిగింది. చీటీ రాసిన కంపౌండర్‌ను అప్పటికే వేరే ఊరు పంపేశారు. నన్ను పిలిచారు. ఆఫీసు గుమాస్తా ఒక కాగితం చదివాడు. జ్వరం సంగతి పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా దాచాడని అందులో ఉంది.

"విన్నవా యాదమ్మా?" అన్నాడు.

"విన్న సారు."

"ఇంకోసారి చదవాల్నా?"

"వద్దు సారు."

అయినా మళ్ళీ చదివాడు. మంచి మనిషి. ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. నేను బొటనవేలు ఒత్తాను.

చదువురాని దాన్ని మోసం చేశారని చెప్పుకుంటే మీరు నమ్ముతారు. అది అబద్ధం. రెండుసార్లు చదివి వినిపించారు. ఆ నెల నా ఉద్యోగం పర్మినెంట్ చేసే కాగితం అదే బల్ల మీద ఉంది. నాకిద్దరు ఆడపిల్లలు. వేలు ఒత్తితే నోటితో అన్నట్టు కాదులే అనుకున్నాను. మూడు నెలలకు పర్మినెంట్ అయింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు అదే అబద్ధాన్ని మైకు పట్టుకుని నోటితోనే చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు. చప్పట్లు కొట్టారు, అంతే.

ఇన్నాళ్ళకు ఒకటి తెలిసింది. ఆ పిల్లవాడు చేసిన ధైర్యమైన పని పరుగెత్తడం కాదు. పరుగెత్తడం అందరూ చేశారు. చీటీ అడగడానికి మా తలుపు దాకా వచ్చింది వాడొక్కడే. నేను చప్పట్లు కొట్టించింది దానికి కాదు.

నిజాంపేట నుంచి వచ్చిన మనిషి

మూడు నెలల కింద మధ్యాహ్నం ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. తలుపు దగ్గర నిలబడి, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని చూసి, అప్పుడు అడుగు పెట్టాడు. ముఖం కంటే ముందు ఆ చూపుకే గుర్తుపట్టాను.

నిజాంపేటలో హాస్టల్ పిల్లలకు మెస్ నడుపుతున్నాడు. తినడానికి వచ్చే పిల్లలెవరో, విందులో నేను కథ చెబుతున్న వీడియో ఫోన్లో చూపించారట. అదీగాక కిరణ్ గారు వాళ్ళనూ వీళ్ళనూ అడిగి నంబరు పట్టి, ఈసారి విందులో శాలువా కప్పుతామని ఫోన్ చేశారట.

"మంచిగ జెప్తవు యాదమ్మా," అన్నాడు. "నాకే ఏడుపొచ్చింది."

టీ ఇచ్చాను. తాగలేదు.

"మా నాయిన పానం పోయేదాక ఒక్కటే అడిగిండు. ఎందుకు జెప్పలేదురా అని. జెప్పిన నాయినా అంటే, కాగితం మీద అట్ల లేదు గద అన్నడు. నా మాట ఆ కాగితానికి సరిపోలే."

"నన్నేం జెయ్యమంటవు బిడ్డా?"

"నాకు శాలువ వద్దు. సారు మీద కేసులొద్దు. మా అమ్మ ఉన్నది. ఆమె గూడ గదే అనుకుంటది. కొడుకు దాచిపెట్టి ఇల్లు ముంచిండు అని. నేను జెప్పిన అని నువ్వొక్క కాగితం రాసియ్యి. ఇప్పుడు రాయొస్తదంట గద."

రాస్తానన్నాను. ఎప్పుడంటే, విందు అయిపోనీ అన్నాను.

కిరణ్ గారికి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకండీ యాదమ్మ గారూ? కొత్త పెవిలియన్‌కు రఘురామ్ సార్ పేరు పెట్టాలని అందరం అనుకున్నాం. ఆయన చూస్తే ఎనభైకి దగ్గర పడుతున్నారు. కార్యక్రమం అయిపోనివ్వండి, తర్వాత కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుందాం."

అబద్ధం చెప్పమని ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. నిజాన్ని వాయిదా వేశారు, అంతే. నేను శ్రీశైలంతో అన్నదీ అదే మాట కదా. ఈ పనిలో మంచి బాసు దగ్గర జాగ్రత్తగా ఉండండి. చెడ్డవాడికి ఎదురు తిరగడం తేలిక.

చివరి విందు

విందు మొన్న శనివారం జరిగింది. శ్రీశైలం రాలేదు. ముందు వరసలో రఘురామ్ సారు పూలదండతో కూర్చున్నారు. యాదమ్మ గారి నోట ఈ కథ వినడం ఇదే ఆఖరుసారని కిరణ్ గారు మైకులో చెప్పారు.

స్టేజి ఎక్కాను. నిజం చెబుదామనే ఎక్కాను. మొదటి మాట నాలుక మీదే ఉంది. పూలదండలో ఆ ముసలి ముఖం చూశాను, ఆయన భార్యను చూశాను, నన్ను చూసి నవ్వుతున్న నా చేపను, గుర్రాన్ని, అరటిపండును చూశాను. ఇవ్వాళ గొంతు బాగాలేదు బిడ్డలారా, మన్నించండి అని దిగిపోయాను.

వాళ్ళకు ఇబ్బంది కాలేదు. నా పాత వీడియో సిద్ధంగా ఉంది. దీపాలు తగ్గించారు. గోడంత పెద్దగా నా ముఖం వచ్చింది. "ఎవ్వరికీ చెప్పలేదు నా బిడ్డ," అని నా గొంతు హాలంతా వినిపించింది. సరైన చోట ఆగి నీళ్ళు తాగాను. అందరూ లేచి నిలబడ్డారు. అందరూ నిలబడ్డారు కదా అని నేనూ నిలబడ్డాను.

భోజనాల దగ్గర రఘురామ్ సారు కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మోకాళ్ళెలా ఉన్నాయని అడిగారు. "ఆ శ్రీశైలం ఎలా ఉన్నాడు?" అన్నారు.

"నిజాంపేటల మెస్ పెట్టుకున్నడు సారు."

"మంచిది," అన్నారు. ఆయన చెయ్యి చొక్కా జేబు దగ్గరికి పోయి, కళ్ళద్దాలు తీసుకుంది. ఆయనకేం గుర్తుందో నాకు తెలియదు. అడగలేదు.

తెల్లవారి

ఆదివారం పొద్దున్నే లేచి, మనవరాలి నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చించి, రెండింటి మీదా ఒకటే రాశాను. ఒకటి వాళ్ళ అమ్మకు, ఒకటి అకాడమీ ప్రిన్సిపాల్‌కు. "శ్రీశైలం జ్వరం దాచలేదు. ముందురోజు సాయంత్రం వచ్చి నాకు చెప్పాడు. కంపౌండర్ చీటీ రాశాడు. పొద్దున నా ముందే చీటీ కోచ్ సారుకు ఇచ్చాడు. సారు జేబులో పెట్టుకుని పరుగెత్తమన్నారు. అప్పుడు నేను వేలిముద్ర వేసిన కాగితం అబద్ధం." కింద సంతకం పెట్టాను. దీనికి గంటన్నర పట్టింది.

బస్సు ఎక్కి, ఆటో మారి నిజాంపేట వెళ్ళాను. మెస్‌లో టిఫిన్ల వేళ. పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరుసలో ఉన్నారు. శ్రీశైలం బల్ల వెనక నిలబడి వాళ్ళ కూపన్ల మీద స్టాంపు వేస్తున్నాడు. నన్ను చూసి, స్టాంపు పక్కవాడికిచ్చి, లోపలికి తీసుకెళ్ళాడు. వాళ్ళ అమ్మ పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. అకాడమీ యాదమ్మ అని నన్ను చెప్పాడు.

కాగితం చదివి వినిపించాను. మెల్లగా చదువుతాను నేను. ఆమె మధ్యలో ఒలవడం ఆపింది. అయ్యాక ఇంకోసారి చదవమంది. చదివాను.

ఆమె కొడుకు వైపు చాలాసేపు చూసింది. చెయ్యి చాపి వాడి మణికట్టు పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు ఆడనే ఉంటివా?"

"ఉన్న అక్కా."

"మరి నువ్వెందుకు జెప్పలే?"

దానికి జవాబు ఆ కాగితంలో లేదు. పెన్ను తీసి, సంతకం పైన ఉన్న కొంచెం జాగాలో రెండు కాగితాల మీదా రాశాను. "నా ఉద్యోగం కోసం చెప్పలేదు." అది కూడా చదివి వినిపించాను.

శ్రీశైలం కాగితం తీసుకుని కిందదాకా చూశాడు. "సంతకం ఉన్నది గని, ఆ పాత కాగితం మీద ఉన్నది వేలిముద్ర గద యాదమ్మా. ఆ మనిషివి నువ్వే అని అకాడమీ వాళ్ళెట్ల నమ్ముతరు?" అన్నాడు.

సంతకం నేర్చుకున్న రోజు, మళ్ళీ ఈ వేలికి ఇంకు అంటనివ్వనని స్వాతి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. బ్యాంకులో కూడా వేలిముద్ర బదులు సంతకానికి మార్పించుకున్నాను. ఆ ఒట్టు సంగతి వాళ్ళకు చెప్పలేదు.

కూపన్ల బల్ల మీద ఉన్న స్టాంపు ప్యాడ్ తెమ్మన్నాను. తెచ్చాడు. నా సంతకం పక్కన, రెండు కాగితాల మీదా, బొటనవేలు ఒత్తాను. ఇంకు ఆరేదాకా చేతిలోనే పట్టుకుని, ఆరాక ఆమెది ఆమెకిచ్చాను.